గంగిపేట వస్తువుల పట్టీ

పోయిన ఆదివారం మా మనవరాలు సాహితి వచ్చి, వంటింట్లో డబ్బాలన్నీ ఒక్కొక్కటిగా తిరగేసి, అడుగున అంటించిన కాగితాలు చదవడం మొదలుపెట్టింది. సాహితి నా కూతురి కూతురు. కరీంనగర్‌లోనే బ్యాంకులో పని చేస్తుంది, మా ఇంటికి మూడు వీధుల అవతల ఉంటుంది. తనూ స్నేహితురాళ్ళూ కలిసి ఐదుగురు ఒక పరదేశం చూసి వద్దామని ఏడు నెలల కిందటే టికెట్లు తీసుకున్నారు. ఈలోగా మన సరిహద్దులో గొడవ వచ్చింది. ఆ పరదేశం మన ఎదుటి పక్షాన నిలబడింది. ఐదుగురూ ప్రయాణం మానుకున్నారు. మంచి పని చేశారని నేనే అన్నాను. మనల్ని కాదన్నవాళ్ళ గడప తొక్కకపోవడం మన ఇష్టం, అందులో తప్పేమీ లేదు. ఆ దేశం పేరు ఇక్కడ రాయడం లేదు. ఇది చదివే రోజుకు జనం కోపం ఏ దేశం మీద ఉంటే ఆ పేరు పెట్టుకుని చదువుకోవచ్చు.

డబ్బాల పని అయ్యేసరికి గుమ్మం పక్కన మూడు వస్తువులు చేరాయి. ఎండు అంజీర పండ్ల డబ్బా, ఒక సబ్బు, మా అల్లుడు నాకు చలికాలంలో కొనిచ్చిన దుప్పటి. "ఇవి బయట పడేద్దాం అమ్మమ్మా," అంది. పడేయమన్నాను. దుప్పటి మాత్రం ఎవరికైనా ఇవ్వమన్నాను. అప్పుడు తన సంచీలోంచి తెల్లకాగితాలు తీసి నా ముందు పెట్టింది. కాలనీ వాళ్ళందరూ ఒక మాట అనుకున్నారట. ఆ దేశం సామాన్లు ఏవేవో ఒక పట్టీ రాసి ఇంటింటికీ పంచాలి. మూల మీద పండ్ల దుకాణం పెట్టుకున్న ఖాజాకు ఒక ఉత్తరం ఇవ్వాలి. ఆ దేశపు ఆపిల్ పండ్లు అమ్మితే కాలనీలో ఎవరూ అతని దగ్గర ఏమీ కొనరని అందులో రాయాలి. "నువ్వు ముప్పై నాలుగేండ్లు లెక్కలు చెప్పినవ్. నువ్వు రాస్తే ఒక్కటి తప్పు పోదు. అందుకే అందరు నీ పేరు చెప్పిండ్రు," అంది.

నేను కలం మూత మళ్ళీ పెట్టేశాను. రాయనన్నాను.

"ఎందుకు? పోవద్దన్నప్పుడు మంచిదే అంటివి గద. పోకపోవుడు, కొనకపోవుడు రెండు ఒకటే గద అమ్మమ్మా."

"ఒకటి కాదు."

"ఎట్ల కాదో చెప్పు మరి. నువ్వు లెక్కల టీచర్‌వి, ఊకెనే కాదంటే ఎట్ల?"

ఒక్క వాక్యంలో చెప్పడం నాకు చేత కాలేదు. కూర్చోమన్నాను. మధ్యాహ్నం భోజనానికి పెట్టిన అన్నం చల్లబడేదాకా చెప్పాను. ఆమెకు చెప్పినదీ, ఆమెకు చెప్పకుండా దాచుకున్నదీ రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు వేములవాడకు పొద్దున బయలుదేరితే ఎండెక్కేలోపు నడిచి చేరే దూరంలో ఉండేది. ఊరికి పడమర ఒక వాగు. వాగు దాటితే గంగిపేట. వాగు మధ్యన నల్లటి రాయి ఒకటి ఉండేది, అదే రెండు ఊళ్ళ పొలిమేర. మాది వరి పండే ఊరు, వాళ్ళది పసుపు పండే ఊరు. పసుపు తవ్వి ఉడకబెట్టే రోజుల్లో పడమటి గాలి వీస్తే మా వంటింట్లో ఏ కూర వండినా ఆ వాసనే వచ్చేది, మట్టి వాసనా పొగ వాసనా కలిసిన ఘాటు. మా అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్ళం. అవ్వ తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, పొయ్యి అలికి, ఆ తరువాతే మమ్మల్ని లేపేది. బాపు లేచిన వెంటనే రుమాలు చుట్టుకునేవాడు. ముఖం కడుక్కోకముందే చుట్టుకునేవాడు. తల మీద రుమాలు లేని బాపును నేను చూసిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టగలను. రుమాలు చుట్లు ఎన్నో కూడా నాకు తెలుసు, తొమ్మిది. చిన్నప్పటి నుంచి నాకు అదొక జబ్బు. ఏది చూసినా లెక్కపెట్టేదాన్ని. ఏ పని ఏ వారం జరిగిందో మరిచిపోయేదాన్ని కాదు. ఇంట్లో ఎవరికి ఏ రోజు సంగతి కావాలన్నా నన్నే అడిగేవాళ్ళు. అది నా గొప్పతనమని అనుకునేదాన్ని.

మా అక్క రాజమణిని గంగిపేటకే ఇచ్చారు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. అక్క పెళ్ళయిన ఏడాదికి కాలువ నీళ్ళ తగాదా వచ్చింది. వాగు నుంచి రెండు ఊళ్ళ పొలాలకూ ఒకటే కాలువ. ఎవరు ఎన్ని రోజులు నీళ్ళు కట్టుకోవాలన్నది ఎప్పటి నుంచో ఉన్న వాడుక. ఆ ఏడు వానలు తక్కువై వాడుక చెడింది. మా ఊరి తరఫున మాట్లాడడానికి బాపు గంగిపేట పోయాడు. అక్కడ నలుగురి మధ్యలో మాటా మాటా పెరిగి, ఒక కుర్రవాడు బాపు తల మీది రుమాలు లాగి దుమ్ములో పడేశాడు. అక్క మామ అక్కడే కూర్చుని ఉన్నాడు. లేవలేదు, ఏమీ అనలేదు. బాపు రుమాలు తీసుకోలేదు. ఉత్త తలతోనే వాగు దాటి వచ్చాడు. నల్లరాయి దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, "నా పానం ఉన్నన్ని దినాలు ఈ ఊరి పొలిమెర తొక్కను," అన్నాడట. ఆ మాట విన్నవాళ్ళు చెప్పారు. బాపు ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు. సందూకలోంచి ఇంకో రుమాలు తీసి చుట్టుకుని గొడ్లకు గడ్డి వేయడానికి పోయాడు.

ఆ ఒట్టును ఎవరూ తప్పు పట్టలేదు. అవ్వ కూడా పట్టలేదు. మా వైపు అలాంటి ఒట్లు ఉండేవి, మనుషులు వాటిని గౌరవించేవాళ్ళు. గంగిపేటలో పెళ్ళయితే బాపు నల్లరాయికి ఇవతల నిలబడి, అక్షింతలు ఎవరి చేతనైనా పంపేవాడు. అక్కను చూడాలనిపిస్తే కబురు పెట్టేవాడు. అక్క బిందె చంకన పెట్టుకుని వాగుకు వచ్చేది. ఇద్దరూ మధ్యలో నీళ్ళుంచుకుని గొంతు పెంచి మాట్లాడుకునేవాళ్ళు. అక్క పండుగలకు మా ఇంటికి వచ్చిపోతూనే ఉండేది. అవ్వ గంగిపేట పోయి వస్తూనే ఉండేది. బర్రె ఈనితే జున్నుపాలు అటు పోయేవి, పసుపు తవ్వితే కొమ్ములు ఇటు వచ్చేవి. బాపు పాదాలు తప్ప అన్నీ వాగు దాటేవి. ఇలా పద్నాలుగు నెలలు గడిచింది.

బాపుకు పోశెట్టి అనే స్నేహితుడు ఉండేవాడు. మేము పోశెట్టి కాక అని పిలిచేవాళ్ళం. ఇద్దరూ సాయంత్రం ఈతవనంలో కల్లు తాగేవాళ్ళు. పోశెట్టి కాక చెడ్డవాడు కాదు, నలుగురిని నవ్వించడానికి పక్కన ఉన్నవాణ్ణి గిల్లే అలవాటు. ఒకరోజు కల్లు దగ్గర పదిమంది ఉండగా, "నర్సన్నా, నీ ఒట్టు మంచిగున్నది. కాళ్ళు వోవద్దు గని నోరు వోవచ్చు. గంగిపేట పసుపు లేకుంట నీ ఇంట్ల కూర ఉడుకుతదా?" అన్నాడట. అందరూ నవ్వారు. ఇంకెవరో, "కాళ్ళకే పౌరుషం, నాలుకెకు లేదు," అన్నాడట. ఆ రోజు బాపు సగం కుండ అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు. ఇంకా వెలుగు ఉంది. నేను అరుగు మీద ఎక్కాలు రాసుకుంటున్నాను. నాకు పదకొండేళ్ళు, ఐదో తరగతి. "బిడ్డా, ఇంట్ల గంగిపేట సామాను ఏమేమున్నదో ఒక్కటి ఇడవకుంట రాయి," అన్నాడు.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. బాపు అంతవరకు నన్ను నమ్మి ఏ పనీ చెప్పలేదు. పలక మీద పట్టదని నోటుపుస్తకంలోంచి కాగితం చింపుకున్నాను. మొదట వంటిల్లు. పసుపు డబ్బా, మిరపకాయల బుట్ట, కారం గురిగి, రెండు కూరకుండలు, ఒక చల్లకుండ. నీళ్ళ రంజన్ కూడా గంగిపేట కుమ్మరి చేసిందే. తరువాత నడిమిల్లు. చాట, జల్లెడ, మూడు ఈతచాపలు. బాపు పడుకునే మంచానికి నులక అల్లినవాడు గంగిపేట వాడు. రోకలి అక్కడి వడ్లాయన చెక్కింది. గొంగడి సంగతి అవ్వను అడిగితే, "తెల్వది," అంది. తెలిసే అలా అంది. నాకు గుర్తుంది, పోయిన చలికాలంలో గంగిపేట సంతలో కొన్నది. రాశాను. మొత్తం ముప్పై ఏడు వచ్చాయి. బర్రె కూడా గంగిపేట నుంచి కొన్నదే కాబట్టి ముప్పై ఎనిమిదోదిగా రాసి చదివి వినిపించాను. బాపు కొంచెం ఆలోచించాడు. "బర్రెను కొట్టెయ్. అది మన గడ్డే తింటున్నది," అన్నాడు. కొట్టేశాను. అవ్వ పొయ్యి దగ్గర నుంచి, "రంజన్‌ల నీళ్ళు సుత మనయే," అంది. బాపు వినిపించుకోలేదు.

ఆ సాయంత్రమే ముప్పై ఏడూ ఇంట్లోంచి పోయాయి. కొన్ని పంచారు, కొన్ని పగలగొట్టారు. రంజన్ పగిలినప్పుడు నీళ్ళు వాకిలి దాటి దారిలోకి పారాయి. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. బాపు ముఖంలో ఆ పద్నాలుగు నెలల్లో కనిపించని తృప్తి కనిపించింది. ఆ రాత్రి నుంచి కటిక నేల మీద పడుకున్నాడు. మరుసటి రోజు నుంచి కూరలు తెల్లగా ఉండేవి. పప్పు తెల్లగా, చారు తెల్లగా. ఊళ్ళో దొరికే పసుపంతా గంగిపేటదే, ఎవరి ఇంట్లో అడిగినా అదే ఇస్తారు. అవ్వ కూర వడ్డించేది, బాపు తలవంచుకుని తినేవాడు, పసుపు మాట ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు. అవ్వ కోపం వస్తే అరిచే మనిషి కాదు. గిన్నె నేల మీద పెట్టే చప్పుడులో ఆమె కోపం తెలిసేది. ఆ రోజుల్లో గిన్నెల చప్పుడు ఎక్కువగా ఉండేది. పోశెట్టి కాక మాత్రం రోజూ వచ్చి అరుగు మీద కూర్చుని, "ఇప్పుడు ఒట్టు అంటే గిదీ ఒట్టు," అని మెచ్చుకునేవాడు.

అక్కకు అప్పుడు ఏడో నెల. మా వైపు మొదటి కాన్పు తల్లిగారింట్లోనే. ఏడో నెలలో ఒడి నింపి ఉంచుకోవాలి. బాపు పోడు కాబట్టి అవ్వే పోయి సోమవారం నాడు అక్కను తీసుకువచ్చింది. పట్టీ సంగతి, బర్రెను కొట్టేసిన సంగతి దారిలోనే ఆమెకు చెప్పింది. అక్క కాళ్ళు వాచి ఉన్నాయి, ముఖం మాత్రం నిండుగా ఉంది. అక్క నెత్తి మీద ఏమీ లేదు, అవ్వ నెత్తి మీద చీరకొంగు కప్పిన గంప ఉంది. గంపలో ఏముందో నేను చూశాను. నువ్వుల నూనె, మిరియాలు, ఒక గుడ్డలో పసుపు కొమ్ములు. అక్క అత్త కట్టిచ్చినవి. అవ్వ కొమ్ములను అటక మీది పాత డబ్బాలో పోసింది. ఒడిబియ్యానికి పసుపు కలపాలి. పసుపు కలపని బియ్యం ఎవరి ఒడిలోనూ పోయరు.

గురువారం పొద్దున ఒడి నింపడం. ఇరుగుపొరుగు ముత్తైదువలు ఐదుగురు వచ్చారు. అక్కకు ఆకుపచ్చ చీర కట్టి పీట మీద కూర్చోబెట్టారు. అవ్వ పక్కింటి నుంచి తెచ్చిన చాటలో బియ్యం పోసి, నెయ్యీ పసుపూ కలిపి రెండు చేతులతో రుద్దుతోంది. బాపు, పోశెట్టి కాక గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. చాటలో బియ్యం పచ్చబడడం అందరికీ కనిపించింది. పోశెట్టి కాక గొంతు సవరించుకున్నాడు. మాట అనలేదు, గొంతు సవరించుకున్నాడంతే. బాపు అడిగాడు.

"గీ పసుపు ఏడికెల్లి వచ్చింది?"

అవ్వ చేతులు ఆపలేదు. "మొన్న శనివారం అంగట్ల కొన్న. వేరే ఊరోళ్ళు పెట్టిండ్రు," అంది.

బాపు ఆ మాటతో సరిపెట్టుకునేవాడే. ఇన్నేళ్ళు ఆలోచించాక నాకు ఈ సంగతి ఖాయంగా తెలుసు. ఆయన సరిపెట్టుకోవాలనే అనుకున్నాడు. అప్పుడే నేను నోరు తెరిచాను. "మొన్న శనివారం నువ్వు అంగడికి పోలే గదా అవ్వా. గోడలకు సున్నం వేసినవ్. అంగడికి పోయింది అంతకు ముందటి శనివారం. అప్పటికి పట్టీ రాయనేలే," అన్నాను. అబద్ధం పట్టుకోవాలని కాదు. వారం తప్పు చెప్పింది, నేను సరిచేశాను. బడిలో ఎవరైనా ఎక్కం తప్పు చెప్తే సరిచేసినట్టే.

పోశెట్టి కాక నేల చూపులు చూశాడు. బాపు లోపలికి వచ్చి, అవ్వ చేతుల కింది నుంచి చాట తీసుకుని, పెరట్లోకి పోయి పెంటకుప్ప మీద గుమ్మరించాడు. ఒడిబియ్యం కింద పోయడం ఎవరమూ ఎన్నడూ చూడలేదు. ముత్తైదువల్లో ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. అక్క పీట మీద నుంచి లేవడానికి రెండు చేతులూ నేలకు ఆనించింది. నేను సాయం పోబోతే వద్దన్నట్టు తల ఊపింది.

"బాపూ," అంది అక్క. గొంతు పెంచలేదు. "రెండేండ్ల సంది నేను గా ఊరి తిండే తింటున్న, గా ఊరి నీళ్ళే తాగుతున్న. నా కడుపుల ఉన్నది సుత గా ఊరిదే. బర్రెకు మన గడ్డి దొరికింది. నాకు దొరకలే. మరి నేను ఇంట్ల ఎట్ల ఉండాలె?"

బాపు ఏదో అనబోయాడు. అక్క నా వైపు తిరిగింది. "చెల్లె, నన్ను సుత రాసుకో," అంది. ఆకుపచ్చ చీరతోనే, ఖాళీ ఒడితో, గుమ్మం దాటి పోయింది.

అవ్వ వెంట పోయింది. బాపు కొంత సేపు నిలబడి, తరువాత తానూ బయలుదేరాడు. నేను ఆయన వెనకే పోయాను. అక్క నెమ్మదిగానే నడుస్తోంది, ఏడో నెల మనిషి. బాపు గబగబా నడిస్తే ఊరు దాటక ముందే కలుసుకునేవాడు. ఆయన గబగబా నడవలేదు. దూరం పెరగకుండా, తరగకుండా నడిచాడు. పిలిస్తే ఆగుతుందనుకున్నాడేమో, పిలవకుండానే ఆగాలనుకున్నాడేమో నాకు తెలియదు. వాగు మోకాలి లోతు ఉంది. అక్క చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని దిగింది. అవ్వ ఆమె చేయి పట్టుకుని కూడా దిగింది. నల్లరాయి దాటేముందు అక్క ఒక్క క్షణం ఆగింది. అప్పుడు బాపు, "బిడ్డా," అన్నాడు. అక్క వెనక్కి చూడలేదు. బాపు ఇసుకలో రెండు అడుగులు వేశాడు. నీళ్ళు ఆయన వేళ్ళకు తగిలాయి. అక్కడే ఆగిపోయాడు. నల్లరాయి ఆయనకు ఎనిమిది అడుగుల దూరంలో ఉంది. నేను లెక్కపెట్టాను.

అక్క ఒడి అత్త నింపింది. కాన్పు గంగిపేటలోనే అయింది, కొడుకు. ఇద్దరూ కులాసాగానే ఉన్నారు. ఇక్కడ ఇంతకంటే ఘోరమేమీ జరగలేదు. బాపు మాత్రం ఆ రెండు నెలలూ రోజూ వాగు గట్టున కూర్చుని అటు నుంచి వచ్చేవాళ్ళను అడుగుతూ గడిపాడు.

పసుపు నిషేధం అప్పటికే పోయింది. అక్క వెళ్ళిపోయిన ఎనిమిదో రోజు, పొలంలో పార తగిలి బాపు కాలి బొటనవేలు తెగింది. అవ్వ పక్కింటి నుంచి గుప్పెడు పసుపు తెచ్చి గాయంలో అద్ది గుడ్డ కట్టింది. అది ఏ ఊరిదో బాపు అడగలేదు. ఆ రాత్రి పప్పు పచ్చగా వచ్చింది, తిన్నాడు. నెల తిరిగేసరికి చాపలు వచ్చాయి, కుండలు వచ్చాయి, కొత్త రంజన్ వచ్చింది. పోశెట్టి కాక చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. పట్టీ రాసిన రోజు నుంచి కాలికి పసుపు అద్దిన రోజు దాకా లెక్కపెడితే నిషేధం నడిచింది పంతొమ్మిది రోజులు. అక్క మా ఇంట్లో మళ్ళీ అడుగు పెట్టింది ఇరవై ఎనిమిదేళ్ళ తరువాత, బాపు శవాన్ని చూడడానికి.

మధ్యలో అవ్వ మూడుసార్లు పోయి పిలిచింది. అక్క ప్రతిసారీ ఒకటే మాట చెప్పింది, "వెళ్ళగొట్టినాయన నా గడపకు వచ్చి పిలువాలె." అది న్యాయమే. కానీ పిలవాలంటే బాపు గంగిపేట పోవాలి. పోవాలంటే ఒట్టు తీసి గట్టున పెట్టాలి. వాగు దగ్గరికి అక్క కొడుకును పంపేది. పిల్లవాడు నల్లరాయి దాకా ఒక్కడే నీళ్ళలో నడిచి వచ్చేవాడు, బాపు ఇవతల నుంచి చేతులు చాచి ఎత్తుకునేవాడు. వాణ్ణి భుజం మీద కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చి, వెన్నా బెల్లమూ పెట్టి, పొద్దువాలక ముందే తిరిగి తీసుకుపోయేవాడు. అక్క అంతసేపూ అవతలి గట్టున కూర్చుని ఉండేది. అప్పజెప్పేటప్పుడు తండ్రీ బిడ్డా ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. పిల్లవాడి గురించే మాట్లాడుకునేవాళ్ళు. తిన్నాడా అని ఆమె, తిన్నాడని ఆయన.

ఇదంతా విని సాహితి కొంతసేపు కాగితాల అంచులు సరిచేస్తూ కూర్చుంది. ఆ పిల్ల తెలివైనది, కథ విని కరిగిపోయే రకం కాదు. "అమ్మమ్మా, ఊరు వేరు, దేశం వేరు. మీ అక్క సంగతి వేరు. మనం కొన్న పైసలు పోయి వాళ్ళకు బలం అయితయి. టూరు పోకుంటే అక్కడ హోటలోనికి నష్టం గాదా? గది తప్పు కానప్పుడు ఇది తప్పెట్లయితది?" అంది. ఆమె లెక్కలో తప్పు లేదు. పోకపోయినా ఎవరో ఒకరి పొయ్యి మీద నీళ్ళు పడతాయి. కొనకపోయినా అంతే. నేను ఆ దేశం పండ్లు తింటానని అనడం లేదు, ఆ అంజీర డబ్బా తీసేయమన్నది నేనే. నాకు తెలిసింది ఒక్కటే, అదే చెప్పాను. పోకపోవడం బాపు తన కాళ్ళకు పెట్టుకున్న కట్టుబాటు. పద్నాలుగు నెలలు దాని భారం ఆయనే మోశాడు. వస్తువుల పట్టీ ఇంట్లో అందరి మీద పెట్టిన కట్టుబాటు. దాని భారం ఆయన మీద పంతొమ్మిది రోజులే ఉంది. మిగిలినదంతా అక్క మోసింది. ఇంకొకటి. ఆయన పోకపోయినా అటూ ఇటూ పసుపూ పాలూ తిరుగుతున్నన్ని రోజులు మాట కూడా తిరిగింది. అదీ ఆగి ఒక మనిషి మనసు విరిగాక, పోయి సరిచేసుకుందామంటే పోవడానికి దారే లేదు, ముందే మూసుకున్నాడు.

"నువ్వు రాయకుంటే ఇంకెవరన్న రాస్తరు," అంది సాహితి.

"రాయనీ. రాసినోళ్ళు దుకాణం కాడికి పోయి, ఖాజా ముందట నిలబడి చదివి వినిపియ్యమను. పిల్లల చేతుల పంపొద్దు, ఫోన్‌ల పెట్టొద్దు. చదివేటప్పుడు ఆయన దిక్కు చూడమను."

"గట్ల ఎవరు చదువుతరు?"

సాహితి కాగితాలు సంచీలో పెట్టుకుంది. కోపంగానే ఉంది, అన్నం తినకుండానే పోయింది. కాగితం ఎవరైనా రాశారో లేదో ఇప్పటివరకు నాకు తెలియదు. నిన్న ఫోన్ చేసి నా మందుల సంగతి అడిగింది, ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తకుండా ఎన్ని రోజులు ఉంటామో అని భయంగా ఉంది.

సాహితికి చెప్పకుండా దాచుకున్నది ఇది. అక్క చివరి రోజుల్లో మంచిర్యాలలో కొడుకు దగ్గర ఉండేది. కాలనీ క్వార్టరు, ముందు చిన్న వరండా. నేను నెలకొకసారి పోయేదాన్ని. మేమిద్దరం ఏళ్ళ తరబడి అన్ని సంగతులూ మాట్లాడుకున్నాం, ఆ గురువారం ఒక్కటి తప్ప. ఒకనాడు మధ్యాహ్నం ఆమె తలకు నూనె రాస్తూ అడిగేశాను. "అక్కా, ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే నువ్వు ఇంట్లనే ఉందువు. నా మీద కోపం లేదా?"

అక్క కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోయిందనుకున్నాను. "నువ్వు అబద్ధం చెప్పలే గద. నీ మీద కోపమెందుకు," అంది. కళ్ళు తెరిచి, "నోరు తెరిచేటందుకు ముందట ఒక్కపారి అవ్వ ముఖం దిక్కు చూస్తే మంచిగుండు చెల్లె. ఆమె కండ్లతోని నీకు చెప్పబట్టింది, వద్దు వద్దని. మేమందరం చూసినం. నువ్వే చూడలే," అంది.

అవ్వ ఆ రోజు ఏ చీర కట్టుకుందో నాకు గుర్తుంది. చాటలో బియ్యం ఎన్ని సోలలో గుర్తుంది. వచ్చిన ఐదుగురి పేర్లు, వాళ్ళు కూర్చున్న వరుస గుర్తుంది. అవ్వ ముఖం ఎంత వెతికినా దొరకదు. నేను ఆ వైపు చూడలేదు.